మంచులో హార్స్‌లీ కొండ నడక

ప్రశ్న: జనవరిలో తెల్లవారుజామున హార్స్‌లీ కొండ ఘాట్ రోడ్డులో మంచులో నడవాలని మా కోరిక. నాన్నగారికి అరవై దాటాయి, ఉబ్బసం ఉంది. తీసుకెళ్లవచ్చా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందు ఆయన డాక్టరును అడగండి. సరేనంటే తీసుకెళ్లండి, తెల్లవారుజామున మాత్రం వద్దు. ఆ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ప్రతి 100 మీటర్లకూ అర డిగ్రీకి పైగా చలి పెరుగుతుంది కాబట్టి, తిరుపతి కంటే అక్కడ ఆరేడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. చల్లగాలి నేరుగా తగిలితే ఉబ్బసం వాళ్లకు ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ చుట్టండి. ఇన్‌హేలర్ సంచి అడుగున కాదు, ఆయన జేబులోనే ఉండాలి. ఆయాసం వస్తే అక్కడితో ఆపేయండి, శిఖరం ఎక్కడికీ పోదు.

మన దగ్గర మంచు నేలమీద పేరుకోదు, ఖరీదైన బూట్లు దండగ. అసలు భయం వాహనాలతోనే. మలుపుల్లో డ్రైవరుకు మీరు కనబడరు. లేతరంగు బట్టలు వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడివైపున, ఒకరి వెనక ఒకరు నడవండి. ఎండ కాస్త పడ్డాక, ఎనిమిది దాటాక బయల్దేరండి.