వాడని క్రెడిట్ కార్డు – పరపతి లెక్క

వాడని క్రెడిట్ కార్డును రద్దు చేసినచో పరపతి పెరుగునా యని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. పెరుగునని పలువురి నమ్మకము. లెక్క వేసి చూచిన, తరచు అది తగ్గును.

2000లో ఏర్పడిన సిబిల్ సంస్థ మన ఋణచరిత్రను 300 నుండి 900 వరకు గల స్కోరుతో సూచించును. గడువు తప్పని చెల్లింపునకు అందు అగ్రస్థానము. మంజూరైన పరిమితిలో మనము వాడుకొన్న భాగమెంత యనునదియు ముఖ్యమే. ఒకరికి 60,000, 40,000 రూపాయల పరిమితి గల రెండు కార్డులున్నవనుకొందము. రెండవదానిపై బాకీ 30,000. అనగా మొత్తము పరిమితిలో నూటికి 30. వాడని మొదటి కార్డును రద్దు చేసినచో అదే బాకీ నూటికి 75 అగును. ఖర్చు ఒక్క రూపాయియైనను పెరుగలేదు. బ్యాంకు దృష్టికి మాత్రము ఆ వ్యక్తి అప్పుతోనే కాలక్షేపము చేయువాడు! బిడ్డ విద్యాఋణమునకు తండ్రి తోడు సంతకము చేయబోవు ఏట ఇది స్వల్ప విషయము కాదు.

అట్లని వార్షిక రుసుము కట్టుచు కార్డులను పెట్టెలో దాచుకొనుడని మేము చెప్పము. రుసుము లేనిదానిని ఉంచుకొని, అప్పుడప్పుడు చిన్న మొత్తమునకు వాడి, గడువులోపల పూర్తిగా చెల్లించిన చాలును. ఏడాదికి మించి వాడనిచో, ముందుగా తెలియజేసి, 30 దినములలో జవాబు రాకున్న బ్యాంకే దానిని మూయుటకు రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు వీలు కల్పించినవి. బాకీ తీర్చి రద్దు కోరినవారి కార్డును ఏడు పనిదినములలో మూయనిచో, రోజునకు 500 రూపాయల వంతున బ్యాంకే చెల్లింపవలెనని కూడ అందు కలదు.