పొగ తాగని వారికి ఊపిరితిత్తుల క్యాన్సర్: జన్యు రిపోర్టు వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: మేం షార్జాలో ఉంటాం. మా ఆయనకు 38 ఏళ్లు. బీడీ, సిగరెట్ ఎన్నడూ ముట్టలేదు. ఆర్నెల్ల కిందట పొడిదగ్గు మొదలైంది. సెలవుకు జగిత్యాల వెళ్లినప్పుడు ఎక్స్‌రే తీసి, టీబీ కావచ్చని మందులిచ్చారు. రెండు నెలలు వాడినా దగ్గు తగ్గలేదు, పైగా ఆయాసం వచ్చింది. తిరిగొచ్చాక ఇక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షిస్తే అడినోకార్సినోమా అని తేలింది. ఇప్పుడు ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే పరీక్షలకు పంపాం, రెండు మూడు వారాలు ఆగండి అంటున్నారు. క్యాన్సరని తెలిశాక కూడా మందు లేకుండా కూర్చోవడమేమిటని మా బావగారు కోప్పడుతున్నారు. వెంటనే కీమో మొదలుపెట్టమని అడగమంటారా?

జవాబు: అమ్మా, మీ బావగారి ఆదుర్దా నాకు అర్థమవుతోంది. అయినా మీ డాక్టర్లు చేస్తున్నదే సరైన పని. ఈ రెండు మూడు వారాలు వృథాగా పోవడం లేదు. ఏ మందు ఇవ్వాలో తేలేది ఈ రోజుల్లోనే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనే ఒక్క పేరు కింద ఇప్పుడు చాలా జబ్బులున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకేలా కనిపించే రెండు అడినోకార్సినోమాలు లోపల పూర్తిగా వేరు కావచ్చు. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పుంటే దానికి విరుగుడుగా పనిచేసే మాత్రలు ఉంటాయని 2004లో తెలిసింది. భారతీయ రోగుల్లో అడినోకార్సినోమా వచ్చిన నూరు మందిలో ఇంచుమించు పాతిక నుంచి ముప్ఫై మందికి ఈ మార్పు ఉంటుంది. 2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం మరో రకాన్ని బయటపెట్టింది. రెండో క్రోమోజోమ్‌లో ఒక ముక్క తెగి, తలకిందులుగా అతుక్కుని, ఈఎంఎల్4, ఏఎల్‌కే అనే రెండు జన్యువులు ఒకటైపోతాయి. బోరు మోటారుకు స్టార్టర్‌ను తప్పించి నేరుగా లైను కలిపితే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది కదా, అలా కణానికి 'పెరుగు, పెరుగు' అన్న సంకేతం ఆగకుండా అందుతూ ఉంటుంది. ఈ రకం నూటికి ముగ్గురి నుంచి ఐదుగురిలో కనిపిస్తుంది. ఎక్కువగా చిన్న వయసువారిలో, పొగ అలవాటు లేనివారిలో. మీవారి వయసు, అలవాట్లు చూస్తే ఆయన డాక్టర్లు దీన్ని అనుమానించడంలో ఆశ్చర్యం లేదు. అలాగని వయసు, ఆడా మగా, పొగ అలవాటు చూసి పరీక్ష ఎవరికి చేయాలో నిర్ణయించకూడదని 2013లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ముదిరిన అడినోకార్సినోమా ఎవరికి వచ్చినా ఈ పరీక్షలు చేయాల్సిందే.

ఇక ఆగడం ఎందుకంటే, ఏఎల్‌కే తేలితే దానికి నేరుగా పనిచేసే మాత్రలున్నాయి. మొదటిదైన క్రిజోటినిబ్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. జన్యువు బయటపడిన నాలుగేళ్లకే మందు రావడం క్యాన్సర్ వైద్యంలో అరుదు. తర్వాత అలెక్టినిబ్, బ్రిగాటినిబ్, లోర్లాటినిబ్ వచ్చాయి. ముదిరిన ఏఎల్‌కే క్యాన్సర్‌లో లోర్లాటినిబ్‌ను, క్రిజోటినిబ్‌ను పోల్చిన ఒక పెద్ద అధ్యయనంలో, లోర్లాటినిబ్ వాడిన వారిలో నూటికి 60 మందికి ఐదేళ్ల తర్వాత కూడా జబ్బు ముందుకు సాగలేదు. క్రిజోటినిబ్ వాడిన వారిలో అలా ఉన్నది 8 మందే. ఇది నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి చెబుతున్న మాట. ఇరవై ఏళ్ల కిందట ఈ మాట చెప్పి ఉంటే ఏ డాక్టరూ నమ్మేవాడు కాదు. అందుకే, ఆగగలిగే పరిస్థితి ఉన్నప్పుడు జన్యు రిపోర్టు చూడకుండా వైద్యం మొదలుపెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

రిపోర్టు రాకముందే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఏఎల్‌కే, ఈజీఎఫ్‌ఆర్ రకాల్లో అది పెద్దగా పనిచేయదు. పైగా దాని ప్రభావం ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. ఆ తర్వాత వెంటనే ఈజీఎఫ్‌ఆర్ రకానికి ఇచ్చే ఒసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆయాసం ఎక్కువై ఆగలేని పరిస్థితి వస్తే ఇమ్యునోథెరపీ కలపకుండా కీమో ఒక్కటే మొదలుపెట్టవచ్చు. రిపోర్టు వచ్చాక మాత్రలకు మారవచ్చు. ఈ నిర్ణయం మీ డాక్టరుదే.

మీరు అడగాల్సినవి రెండున్నాయి. తీసిన నీటిని ల్యాబ్‌లో చిక్కబరిచి, అందులోని కణాలను మైనపు దిమ్మలో నిలిపి 'సెల్ బ్లాక్' తయారుచేశారా? చేసి ఉంటే ఏఎల్‌కేకి రంగు పరీక్ష, అంటే ఇమ్యునో హిస్టోకెమిస్ట్రీ, కొద్ది రోజుల్లోనే ఫలితమిస్తుంది. ఎన్నో జన్యువులను ఒకేసారి చదివే ఎన్‌జీఎస్ పరీక్షకే వారాలు పడుతుంది. నీరు మళ్లీ తీయాల్సి వస్తే పారబోయకుండా ల్యాబ్‌కు పంపమని చెప్పండి. రెండోది, మెదడుకు ఎమ్మారై. ఏఎల్‌కే రకానికి మెదడుకు పాకే అలవాటు ఎక్కువ. తలనొప్పి, వాంతులు, ఫిట్స్, మాట తడబడడం కనిపిస్తే రిపోర్టు కోసం చూడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

టీబీ విషయం కూడా చెప్పాలి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే ముందు ఆ అనుమానమే వస్తుంది. అందులో తప్పులేదు. కానీ కళ్లెలో టీబీ క్రిములు దొరకకుండా, మందులకు తగ్గకుండా ఉంటే వారాలు గడపకుండా సీటీ స్కాన్, ముక్క పరీక్షకు వెళ్లాలి. ఇక్కడ ఎమిరేట్స్‌లో ఇంకో చిక్కుంది. వీసా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. టీబీ అంటే వీసా పోతుందన్న భయంతో క్యాంపుల్లో ఉండే మన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ మనుషులు దగ్గును నెలల తరబడి దాచుకుంటున్నారు. అన్నా, తమ్ముడూ, వీసా మెడికల్ చూసేది టీబీ, హెచ్‌ఐవీ లాంటి అంటువ్యాధులను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. మూడు వారాలు దాటిన దగ్గును దాచకండి.

ప్రశ్న: మా నాన్నకు సూదితో ముక్క తీస్తే చాలినంత రాలేదట. మళ్లీ తీయాలంటే ఆయన భయపడుతున్నారు. రక్తంతో సరిపోతుందంటున్నారు, నిజమేనా? (అబుదాబి)

జవాబు: కొంతవరకు నిజం. క్యాన్సర్ కణాలు చనిపోతూ తమ డీఎన్‌ఏ ముక్కలను రక్తంలోకి వదులుతాయి. వాటిని పట్టి చదివేదే లిక్విడ్ బయాప్సీ. అందులో ఈజీఎఫ్‌ఆర్ లేదా ఏఎల్‌కే ఉందని వస్తే నమ్మి మందు మొదలుపెట్టవచ్చు. లేదని వస్తే మాత్రం నమ్మలేం. గడ్డ చిన్నదైనా, డీఎన్‌ఏ తక్కువగా వదిలినా ఏమీ కనపడదు. ఏఎల్‌కే లాంటి అతుకులను రక్తంలో పట్టడం ఈజీఎఫ్‌ఆర్ కంటే కష్టం కూడా. అందుకని రక్తం ముందు పంపండి, అది లేదంటే ముక్క పరీక్షకు నాన్నగారిని ఒప్పించండి. ఎముక నుంచి ముక్క తీస్తుంటే ఒక జాగ్రత్త: ఎముకను మెత్తబరచడానికి వాడే ఘాటు ఆమ్లం డీఎన్‌ఏని పాడుచేస్తుంది. జన్యు పరీక్ష చేయించాలని ముక్క తీయకముందే ల్యాబ్‌కు తెలియాలి.

ప్రశ్న: మా అక్కకు 'జన్యు' క్యాన్సర్ అని రాశారు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకూ పరీక్ష చేయించాలా? సంబంధాలు చూస్తున్నాం, బయటికి తెలిస్తే ఎలా అని బావ బాధపడుతున్నాడు. (దుబాయ్)

జవాబు: అవసరం లేదు. ఈ జన్యు మార్పు మీ అక్క ఊపిరితిత్తిలోని ఒక కణంలో, ఆమె పుట్టిన ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది. అమ్మానాన్నల నుంచి వచ్చిందీ కాదు, పిల్లలకు పోయేదీ కాదు. ఈజీఎఫ్‌ఆర్‌లో ఒక రకం మార్పు మాత్రం అత్యంత అరుదుగా వంశపారంపర్యంగా వస్తుంది. రిపోర్టులో అలాంటి సూచన ఉంటే డాక్టరే చెబుతారు. ఈ జబ్బు పేరుతో ఆ పిల్లల సంబంధాలు ఆగడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. మీ బావగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: నాకు ఏఎల్‌కే పాజిటివ్ అని తేలి అలెక్టినిబ్ వాడుతున్నాను. దగ్గు పోయింది, ఒంట్లో బాగుంది. మళ్లీ సైట్ పనికి వెళ్లవచ్చా? (రస్ అల్ ఖైమా)

జవాబు: చాలా సంతోషం బాబూ. పని చేయవచ్చు, కానీ ఎండలో వద్దు. ఈ మందు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కాలుతుంది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని నిషేధం. మీకు ఆ నిషేధం ఒక్కటే చాలదు. డాక్టరు ఉత్తరం తీసుకుని స్టోరులోనో, లోపలి పనిలోనో వేయమని కంపెనీని అడగండి. మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోండి. నాడి బాగా నెమ్మదించినా, కండరాలు విపరీతంగా నొప్పెట్టినా, కళ్లు పచ్చబడినా డాక్టరును కలవడానికి ఆలస్యం చేయకండి.

ప్రశ్న: బీమా తక్కువ రకం. పరీక్షలకు, మందులకు సరిపోతుందా, హైదరాబాద్ వెళ్లిపోవడం మేలా? (షార్జా)

జవాబు: షార్జా, అజ్మాన్, ఇతర ఉత్తర ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి బీమా తప్పనిసరైంది. ఏడాదికి 320 దిర్హాముల ప్రాథమిక పథకం అది. దుబాయ్‌లోని కనీస పథకానికి ఏడాదికి 1,50,000 దిర్హాముల పరిమితి ఉంది. ఏళ్ల తరబడి వాడాల్సిన మాత్రలకు ఇలాంటి పథకాలు చాలడం కష్టం. అయినా జన్యు పరీక్షకు, మందుకు డాక్టరు ఉత్తరంతో ముందస్తు అనుమతి అడగండి. తిరస్కరిస్తే రాతపూర్వకంగా తీసుకోండి. షార్జాలో 1999 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ క్యాన్సర్ పేషెంట్స్ సంస్థకు, దుబాయ్‌లో అల్ జలీలా ఫౌండేషన్‌కు దరఖాస్తు చేసుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఈజీఎఫ్‌ఆర్ రకమైతే హైదరాబాద్‌లో ఖర్చు బాగా తగ్గుతుంది. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ జెనెరిక్‌లను మన నాట్కో కంపెనీయే తయారుచేస్తోంది. ఒసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం ఎత్తేసింది. ఏఎల్‌కే మందులు మాత్రం అక్కడా ఖరీదే. కంపెనీల రోగి సహాయ పథకాల గురించి క్యాన్సర్ డాక్టరును మొదటి రోజే అడగండి. ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం లాంటి ఆసుపత్రుల్లో అభిప్రాయం తీసుకోవచ్చు.

ఆ తొందరలో ఇక్కడ రాజీనామా చేయకండి. వీసా రద్దయితే దానితోపాటే బీమా పోతుంది. సెలవు పెట్టి వెళ్లండి. వెళ్లేముందు ల్యాబ్ నుంచి మైనపు బ్లాకులు, రంగు వేయని స్లైడ్లు, స్కాన్ సీడీలు, జన్యు రిపోర్టు అడిగి తీసుకోండి. అక్కడ మళ్లీ సూది గుచ్చాల్సిన పని తప్పవచ్చు. బ్లాకులు మైనం కాబట్టి ఎండలో నిలిపిన కారులో పెట్టకండి, విమానంలో చేతి సంచిలోనే ఉంచుకోండి.