గీతకు అటూ ఇటూ: మా సరిహద్దు ఊళ్ళ బేరాలు

కర్ణాటక పటంలో పావగడ తాలూకాను వెతికితే, తుమకూరు జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్ లోపలికి చొచ్చుకుపోయిన ముక్కలా కనబడుతుంది. చుట్టూ దాదాపు అంతా ఆంధ్రానే. దానికి దక్షిణాన ఉన్న మడకశిర తిరగేసిన బొమ్మ: ఉండేది ఆంధ్రాలో, మూడు వైపులా కర్ణాటక. ఈ గీత భాషను చూసి గీసింది కాదు. పావగడ మైసూరు సంస్థానంలో, మడకశిర మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ పాత హద్దే నేటికీ మిగిలింది. అందుకే మా తిరుమణిలో తెలుగు, కన్నడం రెండూ వినబడతాయి. బేరాలు కూడా రెండు వైపులా సాగుతాయి.

మనిషి ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రంలో ఎందుకు కొంటాడు? మొదటి కారణం పన్ను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సబ్బు, చెప్పులు, ఫ్యాను వంటి వాటిమీద దేశమంతా ఒకటే పన్ను. అయితే పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలో లేవు. వాటి పన్ను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే వేసుకుంటుంది. పెట్రోలు మీద ఆంధ్రాలో 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు మరో 5 రూపాయలు ఉంది. కర్ణాటకలో 29.84 శాతం. అందుకే సరిహద్దు దగ్గర కర్ణాటక బంకుల్లో ఆంధ్రా నంబరు బండ్లు కనబడతాయి. గోదావరి దగ్గర యానాం కథా ఇదే. అది పుదుచ్చేరిది, చుట్టూ ఆంధ్రా, బంకుల్లో పక్కూళ్ళ బండ్లు.

అయితే అందరికీ లాభమేనా? లెక్క వేసి చూద్దాం. లీటరుకు 6 రూపాయల తేడా ఉందనుకుందాం. బైకులో 5 లీటర్లు పోయిస్తే మిగిలేది 30 రూపాయలు. బంకు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే, పోయి రావడానికి 20 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి దానికి 40 రూపాయల పెట్రోలు తాగేస్తుంది. అంటే పని పెట్టుకుని పోయినవాళ్ళకు నష్టమే. అదే 300 లీటర్లు పోయించే లారీకి 1,800 మిగులుతుంది. కాబట్టి పన్ను తేడా వల్ల బాగుపడేది దారిలో ఉన్నవాళ్ళు, ఎక్కువ కొనేవాళ్ళు.

ఇలా బతికే అంగళ్ళకు ఒక భయం ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక పన్ను పెంచి పెట్రోలు ధర లీటరుకు 3 రూపాయలు పెంచింది. ఆ మేరకు బంకుల గిరాకీకి ఆధారమైన తేడా తగ్గింది. మద్యం సంగతీ అంతే. 2020 మేలో ఆంధ్రా ప్రభుత్వం ధరలు 75 శాతం పెంచితే కర్ణాటక సరుకు గీత దాటింది, దాంతోపాటు కేసులూ వచ్చాయి. 2024 అక్టోబరులో ఆంధ్రాలో ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టరు వచ్చాక ఆ గిరాకీకి కారణమే తగ్గిపోయింది. బెంగళూరులోనో అమరావతిలోనో ఒక్క సంతకం పడితే ఇక్కడ ఒక అంగడి నిలబడుతుంది, లేదా పడిపోతుంది. స్వీడన్‌లోని స్ట్రోమ్‌స్టాడ్ పరిసరాల్లో అంగళ్ళు తక్కువ ధరకు కొనడానికి వచ్చే నార్వే వాళ్ళమీదే పెరిగాయి. 2020లో కోవిడ్‌తో సరిహద్దు దాటడం కష్టమైతే అవి వెలవెలబోయాయి.

రెండో రకం బేరం వేరే. ధర్మవరానికి పెళ్ళి పట్టుచీరలకు పోతాం. బెల్లానికీ చింతపండుకూ హిందూపురం మార్కెట్టు పేరున్నది. వీటికి పన్ను తేడాతో పని లేదు. మా అవ్వ అంటుంది, "అంగడి యా రాష్ట్రంలో ఉంటే మనకేంటికి? సరుకు బాగుండాల, దారి దగ్గరుండాల" అని. నేత, మార్కెట్టు, చుట్టరికం ఒక్క జీవోతో పోయేవి కావు.

ఇప్పుడు దారిలోనూ గీత పడింది. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలయ్యాయి. రెండూ ఆడవాళ్ళకు ఉచిత బస్సులే, కానీ ఏ రాష్ట్రం వాళ్ళకు ఆ రాష్ట్రంలోనే. ఒక అక్కను తిరుమణిలో, చెల్లెల్ని పెనుకొండలో ఇచ్చారనుకోండి. హిందూపురం సంతకు పెనుకొండ నుంచి చెల్లెలు ఉచితంగా పోతుంది, అక్క ఆంధ్రా బస్సెక్కితే టికెట్ కొనాల. అక్కకు పావగడ వైపు పోతే డబ్బు మిగులుతుంది. సంచి పట్టుకుని ఎటు పోవాలో సరుకు కాకుండా టికెట్టే చెప్తోంది.

చివరికి మా ఊరి ప్రశ్న. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం మొదలైన 5 ఊళ్ళలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమి ఇచ్చిన రైతుకు మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు. 5 ఎకరాలుంటే 1,05,000. భూమి లేని కూలీలకు ఆ కౌలు లేదు, పొలం పని తగ్గింది. కౌలు డబ్బు ఊళ్ళో ఖర్చయితే అంగడికి, టైలరుకు, కూలికి చేరి వాళ్ళకూ అందుతుంది. బట్టలు, బంగారం, బండి అన్నీ బయట కొంటే వచ్చిన దారినే పోతుంది. ఆర్థికశాస్త్రంలో దీన్ని లీకేజీ అంటారు.

బయట కొనడం తప్పు కాదు, ఊళ్ళో దొరకనిది ఎక్కడైనా కొనాల్సిందే. కానీ సరిహద్దు ఊరు పక్క రాష్ట్రం పన్నును నమ్ముకుంటే నిలవదు. పదిమందికి పని ఇచ్చే ఒక సరుకో, ఒక మార్కెట్టో తనకంటూ ఉన్న ఊరే నిలుస్తుంది. హిందూపురానికి, ధర్మవరానికి అది ఉంది. కౌలు డబ్బు వస్తున్నప్పుడే తిరుమణికీ అది కావాల.