అందరూ పోయాక ఒక్కరే మిగిలితే? మేరీ షెల్లీ రాసిన కథ



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి పిల్లాడి తల్లి ఒకరు, "సార్, వీడు ఎప్పుడు చూసినా లోకం అంతమైపోయే కథలే చదువుతున్నాడు. రాత్రిళ్లు నిద్రపోడు. ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను" అన్నారు. కాసేపు మాట్లాడితే తెలిసింది, ఈ ఏడాదే వాళ్ల అవ్వ చనిపోయారట. పిల్లాడు రోజూ ఆమె పక్కనే పడుకునేవాడట.

అలాంటి కథల్ని మొదట్లో రాసినవారిలో మేరీ షెల్లీ ఒకరు. ఈ నెల ఆమె గురించి తెలుసుకుందాం.

మేరీ 1797లో లండన్‌లో పుట్టారు. పదకొండు రోజులకే తల్లి చనిపోయారు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ప్రభావంతో మరుసటి ఏడు యూరప్‌కు వేసవే రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున వానల వల్ల ఇంట్లోనే ఉండిపోయిన మిత్రులు తలా ఒక దెయ్యం కథ రాయాలనుకున్నారు. అలా మొదలైందే ఆమె ‘ఫ్రాంకెన్‌స్టైన్’. 1818లో అది అచ్చయ్యేనాటికి ఆమె వయసు 20.

ఆమె జీవితంలో వరుసగా కష్టాలు. నలుగురు పిల్లల్లో ముగ్గురు పసితనంలోనే పోయారు. 1822లో ఇటలీలో పడవ మునిగి భర్త, కవి పెర్సీ షెల్లీ మరణించారు. 1824లో స్నేహితుడు బైరన్ కూడా పోయారు. 25 నిండకముందే భర్తను పోగొట్టుకున్న ఆ తల్లికి మిగిలింది ఒక్క కొడుకు.

ఆ దుఃఖంలోంచి వచ్చిన నవలే ‘ది లాస్ట్ మ్యాన్’, అంటే ఆఖరి మనిషి. 1826లో వెలువడింది. కథ 21వ శతాబ్దంలో జరుగుతుంది. ఒక మహమ్మారి దేశం తర్వాత దేశాన్ని ఖాళీ చేస్తుంది. చివరికి రోమ్ నగరంలో లయనెల్ వెర్నీ ఒక్కడే మిగులుతాడు. చదివేవాళ్లు ఉండరని తెలిసినా జరిగిందంతా రాసిపెడతాడు. ఒక కుక్కను, హోమర్, షేక్‌స్పియర్ పుస్తకాలను వెంట తీసుకుని, ఇంకెవరైనా ఉన్నారేమోనని పడవలో బయలుదేరుతాడు.

ఆ రోజుల్లో మహమ్మారి వట్టి ఊహ కాదు. 1817లో బెంగాల్‌లో మొదలైన కలరా ఆసియా అంతటా పాకింది. నవల వచ్చిన మరుసటి ఏడే, ఒకప్పుడు ఆదోని ప్రాంతానికి కలెక్టర్‌గా పనిచేసి మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, మన పక్కనున్న పత్తికొండలో కలరాతోనే మరణించారు.

నవలను విమర్శకులు తిట్టిపోశారు. మేరీ మాత్రం రాయడం ఆపలేదు. కొడుకును హారో స్కూల్లో చేర్చారు. అక్కడే ఉంచి చదివించే ఖర్చు భారమై, తానే ఆ ఊరికి ఇల్లు మారి, ఇంటి నుంచి బడికి పంపారు. పిల్లల చదువు కోసం పల్లె వదిలి ఆదోనికో, ఎమ్మిగనూరుకో వచ్చిన మన తల్లిదండ్రులకు ఈ సంగతి కొత్తేమీ కాదు.

లోకాంతం కథలు చదివే పిల్లలందరూ భయం కోసమే చదవరు. కొందరు తమకు దూరమైనవారి గురించి అడగలేక, ఆ ప్రశ్నను పుస్తకంలో వెతుక్కుంటారు. మీలో కొందరు యండమూరి వీరేంద్రనాథ్ ‘యుగాంతం’ చదివే ఉంటారు. అప్పుడు మీకు ఏమనిపించిందో పిల్లలకు చెప్పండి.

ఈ నెల ఇంట్లో, ఫోన్లు పక్కన పెట్టి, పిల్లలతో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడండి:

1. వెర్నీ ఎవరూ చదవని పుస్తకం ఎందుకు రాశాడు?
2. పడవలో నువ్వైతే ఏం తీసుకెళ్తావు?
3. ఊరంతా సుగ్గికి పోయినప్పుడు, తాళాలు పడ్డ ఇళ్ల మధ్య మిగిలిపోయిన ముసలివాళ్లకు ఎలా ఉంటుంది?

ఆ తల్లికి మేం చెప్పింది ఒక్కటే: "పుస్తకాలు తిరిగి ఇవ్వండమ్మా. పక్కన కూర్చుని మీరూ రెండు పేజీలు చదవండి. అవ్వ గురించి మాట్లాడండి." అప్పటికీ నిద్ర పట్టకపోతే, భయం తగ్గకపోతే క్లాస్ టీచర్‌కు తప్పకుండా చెప్పండి.