చిన్న పడవ, పెద్ద నది – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

చలికాలం మొదలయ్యేసరికి మన చెరువుల మీదికీ నదుల మీదికీ నీటిపక్షులు గుంపులుగా దిగుతాయి. కొల్లేరు, పులికాట్, మంజీరా జలాశయం, గోదావరి లంకలు – ఎక్కడ చూసినా పరజలు, సూదితోక బాతులు కనిపిస్తాయి. పక్షులతోపాటే వేట సరదా కూడా వస్తుంది. తెల్లవారక ముందే ముగ్గురో నలుగురో కుర్రవాళ్లు ఒక నాటు పడవ అడిగి తీసుకుని, ఎయిర్‌గన్ ఒకటి పట్టుకుని, మంచులో నది మధ్యకు వెళ్తారు. ఇంట్లో మాత్రం “ఫ్రెండ్స్‌తో ఊరికి వెళ్తున్నా” అని చెబుతారు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కుటుంబాలకు ఈ సంగతి దూరపుది కాదు. ఇక్కడి బస్తీల్లో లైట్‌మెన్, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ప్రొడక్షన్ కుర్రవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఔట్‌డోర్ షూటింగ్ అంటే వారు వెళ్లేది రాజమండ్రికో, పాపికొండలకో, నాగార్జునసాగర్‌కో. అక్కడ పని లేని పూట దొరికితే పడవ మీదికి మనసు పోవడం సహజం. అందుకే ఈ పాఠం పడవ ఎక్కే కుర్రవాడి కోసం మాత్రమే కాదు. అతని కోసం ఇంట్లో ఎదురుచూసే అమ్మ, భార్య, అన్నదమ్ముల కోసం కూడా.

వేట సంగతి ముందుగా తేల్చుకుందాం. మన దేశంలో అడవి బాతుల వేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు, జరిమానా రెండూ పడవచ్చు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, మంజీరా కూడా అభయారణ్యమే. అటువంటి చోట పట్టుబడితే శిక్ష మరింత గట్టిగా ఉంటుంది. క్రిస్మస్‌కో సంక్రాంతికో బాతు కూర తినాలనిపిస్తే పెంపుడు బాతు సంతలో దొరుకుతుంది. దానికోసం ప్రాణం పణంగా పెట్టక్కరలేదు. ఇంకొక మాట. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్‌ను అడవి బాతులు పైకి జబ్బు కనబడకుండానే మోయగలవు. కనుక చచ్చి పడి ఉన్న నీటిపక్షిని చేత్తో ముట్టుకోవద్దు, పిల్లలను ముట్టుకోనివ్వవద్దు.

పడవ ఎందుకు తిరగబడుతుంది?

నాటు పడవ అడుగు సన్నగా, తేలికగా ఉంటుంది. అందరూ కింద కూర్చుని ఉన్నంతసేపు బరువు కిందనే ఉంటుంది కాబట్టి అది నిలకడగా సాగుతుంది. ఒక్కడు లేచి నిలబడితే బరువు పైకి వస్తుంది. వేటగాడు నిలబడే తుపాకి పేలుస్తాడు, అదీ పక్కకు తిరిగి. పేలినప్పుడు తుపాకి భుజాన్ని వెనక్కి తంతుంది. గట్టి నేల మీద ఒక అడుగు వెనక్కి వేసి సర్దుకోవచ్చు. పడవలో వెనక్కి వేసే ఆ అడుగే పడవను ఒరిగేలా చేస్తుంది. ఆ తర్వాత పిట్ట నీళ్లలో పడుతుంది. దాన్ని అందుకోవడానికి ఇద్దరు ఒకే వైపు వంగుతారు. అది గుర్రపుడెక్కలో చిక్కుకుంటే ఒకడు నీళ్లలోకి దిగుతాడు. ఆ తీగలు కాళ్లకు చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినవాడైనా కదలలేడు. గుండు నింపిన తుపాకి ఊగే పడవలో ఉండడం మరో ప్రమాదం. అది ఎప్పుడు ఎవరి వైపు తిరుగుతుందో చెప్పలేం.

పడవలోకి కాసిని నీళ్లు వచ్చినా “ఏం కాదులే” అనుకుంటారు. ఇంట్లో ఒక పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి రెండు చేతులతో పట్టుకుని నడిచి చూడండి. పళ్లెం కొంచెం ఒరగగానే నీళ్లన్నీ ఆ వైపుకే పరుగెత్తి దాన్ని ఇంకా ఒంచుతాయి. పడవలోనూ అదే జరుగుతుంది. అందుకే లోపలికి వచ్చిన నీటిని అప్పటికప్పుడు తోడిపోయాలి. కూర్చున్నవారు అటూ ఇటూ జరగకూడదు.

2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం నాడు, విజయవాడ దగ్గర కృష్ణానదిలో పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అది అనుమతి లేని పడవ. 2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగింది. వాన పడుతోందని తలుపులు మూసుకుని లోపల కూర్చున్నవారు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. బోటులో 70 మందికి పైగా ఉంటే ప్రాణాలతో బయటపడినది 26 మంది. వారిలో హైదరాబాదు వారూ, వరంగల్ వారూ ఉన్నారు. బోటును నది అడుగు నుంచి బయటికి తీసేసరికి అక్టోబరు 22 అయింది.

కచ్చులూరులో నీళ్ల మీద తేలుతున్నవారిని కాపాడినది ఆ ఊరి గిరిజనులు. వారు వచ్చింది చిన్న పడవల్లోనే. కనుక తప్పంతా చిన్న పడవది అనలేం. ఆ మలుపులో నీరు ఎలా తిరుగుతుందో, సుడి ఎక్కడ ఉంటుందో వారికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కొండల మధ్య గోదావరి ఇరుకై, లోతై, వేగంగా తిరుగుతుంది. ఊరి సరంగు “ఇవాళ వద్దు” అంటే, “ఇంకో వంద ఇస్తాను, పోనీ” అని బేరం ఆడేది పట్నం నుంచి వెళ్లినవారే.

వరద లేని రోజు కూడా నదిని నమ్మడానికి లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వారు పడవ కూడా ఎక్కలేదు. నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీరు నిమిషాల్లో వచ్చి పడింది. మన సాగర్, శ్రీశైలం దిగువన కూడా నీటి మట్టం గేట్లను బట్టి మారుతుంది, పైన కనిపించే ఎండను బట్టి కాదు.

సినిమాలో చూసినది వేరు

గోదావరి మీద పడవ అంటే మన సినిమాలకు ఎంతో ఇష్టం. 1964లో వచ్చిన మూగమనసులు కథానాయకుడు పడవ నడిపేవాడు. 2006లో వచ్చిన గోదావరి సినిమా చాలావరకు లాంచీ మీదనే సాగుతుంది. హీరో పడవ ముక్కు మీద చేతులు చాచి నిలబడితే చూడడానికి బాగానే ఉంటుంది. ఫ్రేము బయట ఈతగాళ్లు, తాళ్లు, ఇంకో పడవ ఉంటాయని ఫిల్మ్‌నగర్‌లో ఉన్నవారికి వేరే చెప్పాలా! అవి లేకుండా చేస్తే ఏమవుతుందో 2016 నవంబరు 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో తెలిసింది. ‘మస్తి గుడి’ అనే కన్నడ సినిమా క్లైమాక్స్ కోసం హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకిన ముగ్గురిలో ఇద్దరు నటులు మునిగి చనిపోయారు. ఇద్దరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. మీ ఇంటి మనిషికి నీళ్లలో సీను ఉందని తెలిస్తే, “జాకెట్లు ఉన్నాయా? ఈతగాళ్లు ఎంతమంది?” అని అడగడానికి మొహమాటపడకండి. అడిగినందుకు పని పోతుందేమోనన్న భయం చాలా ఇళ్లలో ఉంది. ఆ భయం మాకూ అర్థమవుతుంది. అయినా అడగాలి.

జూబ్లీహిల్స్‌లో చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ లైసెన్సు తీసుకుంటే బాతుల వేట చట్టబద్ధమే. మిసిసిపీ వంటి పెద్ద నదుల మీద, సరస్సుల మీద చలికాలంలో చిన్న అల్యూమినియం పడవల్లో వెళ్తారు. ఆ దేశపు కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో, పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో పదికి ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివారే. మంచులాంటి నీళ్లలో పడగానే మనిషికి తెలియకుండానే పెద్దగా ఊపిరి పీల్చుకుంటాడు. అప్పుడు తల నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరే వెళ్తుంది. ఆ మొదటి నిమిషం గడిచినా, పది నిమిషాలు తిరక్కుండా చేతులు కొయ్యబారి తాడు కూడా పట్టుకోలేవు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మీ అబ్బాయికి చెప్పండి.

మన నీళ్లు అంత చల్లగా ఉండవు. అయినా నీళ్లు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. జనవరి తెల్లవారుజామున తడిబట్టలతో గంటసేపు ఉంటే మన ఒళ్లు కూడా చల్లబడుతుంది. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ నిజానికి వేడి ఇంకా తొందరగా పోతుంది. చర్మం కింది రక్తనాళాలు విచ్చుకోవడం వల్ల అలా అవుతుంది. పడవ ప్రమాదాల్లో మందు పాత్ర గురించి ఇంతకన్నా వివరంగా చెప్పనక్కరలేదు.

మునిగే మనిషి అరవడు

సినిమాల్లో మునిగేవాడు చేతులు ఊపి “కాపాడండి” అని అరుస్తాడు. నిజంగా మునిగే మనిషి అలా చేయలేడు. నోరు నీటి పైకి వచ్చిన క్షణంలో గాలి పీల్చుకోవడమే సరిపోతుంది, అరవడానికి గాలి మిగలదు. తల వెనక్కి వాలి, కళ్లు తేలేసి, చేతులు పక్కలకు నీటిని నొక్కుతుంటాయి. ఒడ్డున ఉన్నవారికి ఆడుకుంటున్నట్టే కనబడుతుంది. ఒక నిమిషం లోపలే మునిగిపోవచ్చు. పూర్తిగా ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకు మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

పడవ తిరగబడితే దాన్ని వదిలి ఒడ్డుకు ఈదాలని చూడకూడదు. ఒడ్డు కనబడేంత దగ్గరలో ఉండదు. తిరగబడిన కొయ్య పడవ చాలావరకు తేలుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉండాలి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ప్రయాణించిన ఓడ బద్దలైనప్పుడు అందులో 276 మంది ఉన్నారు. ఈత వచ్చినవారు ముందుగా దూకారు, మిగిలినవారు పలకలనూ ఓడ చెక్కలనూ పట్టుకుని ఒడ్డుకు చేరారు. ఒక్కరూ పోలేదు. దైవకృప గురించి ఎన్నిసార్లో చదువుకున్న ఆ అధ్యాయంలో చేతికి దొరికిన చెక్కను వదలకూడదన్న సంగతి కూడా ఉంది.

కాపాడాలని వెంటనే నీళ్లలోకి దూకకండి. మునిగేవాడు భయంతో మీ మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. ఒకరిని రక్షించబోయి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం మనం తరచుగా వింటున్నదే. గెడ అందించండి, తాడు విసరండి. తాడు లేకపోతే ఐదున్నర మీటర్ల చీర ఉంది. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, 20 లీటర్ల నీళ్ల క్యాను కూడా మనిషిని తేల్చగలవు.

ఒడ్డుకు తెచ్చాక

108కి ఫోన్ చేయమని ఒకరికి పురమాయించండి. మనిషిని తలకిందులుగా వేలాడదీయడం, తల మీద పెట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం – ఈ మూడూ మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. మూడూ హాని చేస్తాయి. పొట్టలోని నీరు, అన్నం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, అమూల్యమైన నిమిషాలు పోతాయి.

వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ఊపిరి ఆడుతోందో లేదో పది సెకన్లలో చూడాలి. ఆడకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఐదుసార్లు ఊపిరి ఊదాలి. గుండెపోటుకు ఛాతీ నొక్కడం ఒక్కటే చాలని టీవీలో చూసి ఉంటారు. మునిగినవారికి అది చాలదు, వారికి ముందుగా కావలసింది గాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు రెండు ఊపిరులు. అంబులెన్సు వచ్చేదాకా, లేదా మనిషి కదిలేదాకా ఆపకూడదు. వాంతి వస్తే పక్కకు తిప్పి, నోరు తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. చదివినంత మాత్రాన ఇది చేతికి రాదు. బొమ్మ మీద చేయించి నేర్పే శిక్షణలు ఉంటాయి, వార్డులో సిస్టరును అడగండి.

మనిషి లేచి కూర్చుని “నాకేం కాలేదు, ఇంటికి పోదాం” అనవచ్చు. ఇక్కడే కుటుంబం గట్టిగా నిలబడాలి. నీళ్లు మింగి, ఉక్కిరిబిక్కిరై, దగ్గినవారికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే డాక్టర్లు కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. వేలికి చిన్న క్లిప్పు పెట్టి ఆక్సిజన్ కొలుస్తారు, ఛాతీ వింటారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. బాగానే ఉన్న మనిషిని ఊరికే ఉంచారని, బిల్లు కోసమని కొందరు బంధువులు కోప్పడతారు. దగ్గు ఆగకపోవడం, ఆయాసం, నోట నురగ, విపరీతమైన మగత – వీటిలో ఏది కనబడినా వెంటనే నర్సుకు చెప్పండి. ఇంటికి వచ్చాక కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా తిరిగి తీసుకురండి.

నది నీటిలో మట్టి, సూక్ష్మక్రిములు ఉంటాయి. రెండు మూడు రోజులకు జ్వరం, కఫం వస్తే న్యుమోనియా కావచ్చు. వారం పది రోజుల తర్వాత చలిజ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, కామెర్లు వస్తే ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. దానికి మందు ఉంది, తొందరగా మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అయితే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా “పది రోజుల క్రితం నదిలో పడ్డాడు” అన్న మాట ముందుగా చెప్పాలి. వేటకు వెళ్లిన సంగతి బయటపడుతుందని దాచవద్దు. డాక్టరుకు కావలసింది జ్వరానికి కారణం మాత్రమే.