వృక్షాయుర్వేదమున శస్త్రవిధి: రొద్దం మల్బరీ తోటలు

పెన్నాతీరమందలి రొద్దము, దాని చుట్టునున్న పెనుకొండ, హిందూపురం సీమలు పట్టుపురుగుల పెంపకమునకు పేరొందినవి. ఇచటి మల్బరీ తోటలకు ‘తుక్ర’ యను తెగులు తరచు సోకును. కొమ్మల చివళ్లు మెలిదిరుగును, ఆకులు ముడుచుకొని ముదురాకుపచ్చనగును, కణుపుల నడిమి ఎడము తగ్గును. చిగురు రసమును పీల్చు గులాబివన్నె పిండినల్లియే దీనికి కారణము. ఈ తెగులు పేరును ప్రాచీన గ్రంథములలో వెదకుట వ్యర్థము. చికిత్సాక్రమమును మాత్రము వెదకవచ్చును.

క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున చలి, గాలి, ఎండలచే చెట్లకు రోగములు కలుగుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్లు ఎదగకుండుట, కొమ్మలెండుట, రసము కారుట వాని లక్షణములనియు చెప్పెను. చికిత్సకు తొలుత శస్త్రశోధనమును, పిమ్మట వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపిన పూతను, ఆపై పాలు కలిపిన నీటితో తడుపుటను విధించెను. పాఠము చెప్పువారు సాధారణముగ విడంగఘృతములకడనే ఆగుదురు. ‘ఆదౌ’ అను పదము పాదపూరణమునకు వచ్చినది కాదు. చెడినభాగము నిలిచియుండగా పూత పూయుట చీముతో కూడ పుండును కప్పుటయే యగును.

సురపాలుని వృక్షాయుర్వేదము బోడ్లియన్ గ్రంథాలయమందలి వ్రాతప్రతి ఆధారముగ, నళినీ సాధలే ఆంగ్లానువాదముతో, 1996లో సికింద్రాబాదునుండి వెలువడినది. అందు వృక్షరోగములు ఆంతరములు, బాహ్యములు అని ద్వివిధములు. పురుగులచే కలుగునవి బాహ్యములు. కీటకవ్రణమునకు విడంగములు, నువ్వులు, గోమూత్రము, నెయ్యి, ఆవాలు కలిపి పూసి పాలు చిలుకరింపుమని విధి.

నేడు పట్టుపరిశ్రమ నిపుణులును తుక్ర సోకిన చివళ్లను కత్తిరించి, తోటలో రాల్చక, సంచిలో కూర్చి కాల్చివేయుమందురు. తోటలో పడవేసినచో నల్లిపిల్లలు ప్రాకి మరల చిగుళ్లకెక్కును. మందు చల్లుట అటుపిమ్మటనే. అదియు మల్బరీకి కత్తిమీది సాము: గడువు తీరకమున్నే కోసిన ఆకు మేసి పట్టుపురుగులే చచ్చును. క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగును విడుచుట మేలు; అది పిండినల్లిని తినును. అయితే తేనెబంకకై చేరిన చీమలు నల్లిని కాచి దానిని తరుమును గనుక, చీమల పుట్టలను ముందు చూచుకొనవలెను.

సురపాలుడు తెల్లఆవాలు, విడంగములు, వస మొదలగువానితో ధూపమును గూడ చెప్పెను. ఇతర తోటలలో అది పరీక్షింపదగినదే. పట్టుపురుగులు పొగకు తాళజాలవు గావున, పెంపకపు గదికి చేరువనున్న మల్బరీకి ఆ విధిని వర్తింపజేయరాదు.