నెట్ పోగానే డ్రైవర్ తీసేయకండి

ఆఫీసు కంప్యూటర్‌లో నెట్ ఆగిపోతే చాలామంది చెయ్యి నేరుగా ‘నెట్‌వర్క్ రీసెట్’ మీదకి పోతుంది. అది ఆఖరి మందు, మొదటిది కాదు. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్‌కి ఎవరో ఎప్పుడో స్టాటిక్ ఐపీ ఇచ్చి ఉంటారు. రీసెట్ కొడితే అది చెరిగిపోతుంది, వీపీఎన్ ఉంటే మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. నెట్ వచ్చినా పక్క సీట్లవాళ్లకి ట్యాలీ తెరుచుకోదు. ఒక తలనొప్పి రెండవుతుంది.

అసలు తప్పు డ్రైవర్‌దేనా? కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి చూడండి. ఐపీ 169.254తో మొదలైతే మీ కార్డు, డ్రైవర్ పనిచేస్తున్నట్టే లెక్క. రౌటర్ నుంచి చిరునామా అందక విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. కేబుల్ ఊడిందన్న సందేశం వచ్చినా అంతే, స్విచ్ దగ్గరికి వెళ్లి వైరు సంగతి చూడండి. ఇలాంటప్పుడు డ్రైవర్ మార్చడం వృథా.

అది కాదని తేలాక స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద పసుపు గుర్తు ఉన్నదాన్ని రెండుసార్లు నొక్కితే ఒక కోడ్ కనిపిస్తుంది. 22 అయితే ఎవరో డిసేబుల్ చేశారంతే, ఎనేబుల్ చేస్తే సరి. 56 అయితే ముందు వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌ని అనుమానించండి. దాన్ని తీసేసి చూసి, ఆ తర్వాతే మిగతావి.

ఎక్కువ విసిగించేది కోడ్ 10, అంటే పరికరం మొదలవలేకపోయింది. ‘ఆపి మళ్లీ ఆన్ చేశానండీ, పోలేదు’ అంటారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా డ్రైవర్ల స్థితి డిస్క్‌లో దాచుకుని, మర్నాడు అదే తిరిగి ఎక్కిస్తుంది. అందుకే షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. అప్పటికీ పోకపోతే మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టండి. మొండికేసిన కార్డులు దీంతో దారికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అప్‌డేట్ పడిన మర్నాడే మొదలైందా? ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాతది తిరిగొస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే పాతది దాచి లేదని అర్థం.

కోడ్ 28 అంటే డ్రైవరే లేదు. డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ లేదు! ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లయితే చాలావరకు వేరే డ్రైవర్ అడగవు. ఏ కంపెనీ కార్డో తెలియాలంటే ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూడండి. అందులో వెన్ (VEN) పక్కన 8086 ఉంటే ఇంటెల్ కార్డు, 10ఈసీ ఉంటే రియల్‌టెక్. డ్రైవర్ కోసం ముందు కంప్యూటర్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లండి. ఉచిత డ్రైవర్ అప్‌డేటర్లంటూ గూగుల్‌లో పైన కనబడేవాటి జోలికి పోవద్దు. ఆఫీసు లెక్కలున్న మెషిన్‌లో అవి ఉండకూడదు.

భోజనానికి వెళ్లొచ్చేసరికి నెట్ పోతుంటే అదే ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ చూడండి. కరెంటు ఆదాకి కార్డుని ఆపే వీలు కల్పించే టిక్ అక్కడ ఉంటుంది, తీసేయండి.

కార్డు మార్చాక పాత ఐపీ ఇవ్వబోతే అది వేరే అడాప్టర్‌కి ఉందని విండోస్ అడ్డుపడుతుంది. తీసేసిన కార్డు పేరు ఇంకా లోపల ఉంటుంది మరి. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి దాచిన పరికరాలు చూపించమని చెప్పి, మసకగా కనిపించే పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

మీ కంపెనీలో ఐటీ విభాగం ఉంటే ఇవేవీ మీరు ముట్టుకోవద్దు. కోడ్ నంబర్, ఎప్పటి నుంచి, అంతకు ముందు ఏం మారింది, ఈ మూడూ టికెట్‌లో రాసి పంపండి. ‘నెట్ రావట్లేదు’ అని మాత్రం రాయకండి.